సగం ఇటుక

మేస్త్రి గడ్డపార మొనను సిమెంటు మూత కిందికి దూర్చి, పక్కన రాయి ఆనించి, మెల్లగా పైకెత్తాడు. మరుగుదొడ్డి వెనక గోడనానుకుని ఉన్న చిన్న తొట్టి మూత అది. అడుగు వెడల్పు, అడుగు లోతు. దొడ్డి గొట్టం వచ్చి ఆ తొట్టిలో పడుతుంది. అక్కడి నుంచి రెండు గొట్టాలు చీలి రెండు గుంతల్లోకి పోతాయి. ఇప్పుడు తొట్టి నిండా మురుగు కదలకుండా నిలిచి ఉంది. వెదురు బద్దతో ఒక గొట్టం నోట్లో పొడిచాడు, రెండో నోట్లో పొడిచాడు. ఎక్కడా అడ్డం లేదు. రెండు గుంతలూ నిండిపోయాయి, అంతే.

ఆ సంగతి మూత ఎత్తకముందే అతనికి తెలుసు. మూడేళ్లుగా తెలుసు.

ఇల్లు అతని అక్కది. ఆ మరుగుదొడ్డి కట్టింది అతనే, తొమ్మిదేళ్ల కిందట. ఈ సందులో అతను కట్టిన ముప్పై రెండింటిలో ఇదే మొదటిది. అంతకుముందు అతను సిమెంటు మాలు మోసే కూలీ. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తాపీ పట్టినవాళ్ల మణికట్టు ఎలా తిరుగుతుందో చూసి నేర్చుకున్నాడు. మరుగుదొడ్ల పని వచ్చినప్పుడు ఆఫీసువాళ్లు ఒక బొమ్మ కాగితం చేతిలో పెట్టి పోయారు. అందులో ఒక గొట్టం నోటి దగ్గర చిన్న నల్ల చుక్క ఉంది. అచ్చులో పడిన సిరా మరక అనుకున్నాడు. రెండు గుంతలూ కలిసి పనిచేస్తే రెండింతల కాలం వస్తుందని తనకు తానే సర్దిచెప్పుకుని, తన తెలివికి తానే మురిసిపోయి, ముప్పై రెండిళ్లలోనూ రెండు నోళ్లూ తెరిచి ఉంచాడు.

మూడేళ్ల కిందట వేరే పేటలో పనికి వెళ్లినప్పుడు, ఓ ముసలి మేస్త్రి ఇలాంటి తొట్టిలోనే ఒక నోటికి సగం ఇటుక అడ్డంపెట్టి బంకమట్టితో మెత్తడం చూశాడు. అదెందుకని అడిగితే ముసలాయన వింతగా చూశాడు. ఒక గుంత నిండాక ఇటుక మార్చి రెండోది వాడుకోవాలి. నిండినదాన్ని రెండేళ్లు కదపకుండా ఉంచితే లోపలిదంతా మట్టిలా మారుతుంది, పారతో ఎత్తి పోయొచ్చు. రెండూ ఒకేసారి వాడితే రెండూ ఒకేసారి నిండుతాయి, రెండూ పచ్చిగానే ఉంటాయి. కాగితంలో చుక్క సిరా మరక కాదు, ఇటుక.

ఆ రోజు నుంచి కట్టినవన్నీ సరిగ్గానే కట్టాడు. ఈ సందులోకి వస్తే మాత్రం తల వంచుకుని నడిచేవాడు. అప్పుడే ఇంటికో ఇటుక ముక్క పట్టుకెళితే పావుగంట పని. కానీ దానికి ముందు తప్పు ఒప్పుకోవాలి. అక్క చూడబోతే ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ తమ్ముడు కట్టిందని చూపించేది. కక్కలేక మింగలేక రోజులు నెట్టాడు.

పది రోజుల కిందట అక్క తడి మెట్టు మీద జారింది. తొడ నుంచి మడమ దాకా పిండికట్టు వేశారు. వీధి చివరున్న ఉమ్మడి మరుగుదొడ్లదాకా నడవలేదు. ఇంట్లోది పొంగుతోంది. నలుగురూ లేవకముందే బావ బకెట్టు మీద గుడ్డ కప్పి మోసుకెళ్లి వస్తున్నాడు.

మురుగు తోడే బండి ఈ సందులో పట్టదు. పచ్చి గుంతలోకి మనిషిని దించడం మేస్త్రికి ఇష్టం లేదు. అలా దిగినవాణ్ణి తాడుతో పైకి లాగడం ఒకసారి చూశాడు, ఇక చూడదలుచుకోలేదు. మిగిలిన దారి మూడో గుంత. పెరట్లో రెండు గుంతలూ ఉతికే రాయీ పోను మనిషి మసలడానికే చోటు లేదు. చోటున్నది ముందు వసారాలో. అక్కడ బావ ఇస్త్రీ బల్ల ఉంది.

బావ ససేమిరా అన్నాడు.

"కింద నీ గుంత, పైన జనం చొక్కాలా? రేపట్నుంచి నాకెవడైనా బట్టలిస్తాడా? వేసిన రెండూ చాలక మూడోది నా కాళ్ల కింద తవ్వుతావేంటి బామ్మర్దీ?"

అతని మాటలో అన్యాయమేమీ లేదు. మేస్త్రి వాదించలేదు. వాదన అతనికి చేతకాదు. గుమ్మం పక్కన చెక్కలు బిగించి, ఊచలు కట్టి, మూతకు కావలసిన సిమెంటు బిళ్ల పోయడం మొదలుపెట్టాడు. మామూలుకంటే రెండు వేళ్లు మందంగా పోశాడు. ఇస్త్రీ పెట్టె వేడి చేసుకుంటూ బావ అటే చూస్తూ, అది ఎక్కడ పెడతావు, మీ అక్క కట్టు మీదా అని ఎత్తిపొడిచాడు.

సాయంత్రం చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాడు. అక్క మంచం పక్కన స్టూలు మీద చెంబు ఉంది. అంచుదాకా నీళ్లు. పైన ఒక చీమ తేలుతోంది. అక్క పెదవులు పగిలి పొట్టు లేచాయి.

బావను పిలిచాడు. "ఈ చెంబు ఎప్పుడు నింపావు బావా?"

"పొద్దున్నే. ఏం?"

అక్క గోడవైపు తిరిగింది. "తాగితే మళ్లీ వెళ్లాలి కదరా. మీ బావ ఎన్నిసార్లని మోస్తాడు?"

బావ చీమను వేలితో తీసేసి, అక్క వీపు వెనక చెయ్యి పెట్టి లేపాడు. "తాగు. పట్టపగలు అందరూ చూస్తుండగా మోస్తాను. తాగు నువ్వు" అన్నాడు. తర్వాత బయటికెళ్లి బట్టల మూటలు ఒక్కొక్కటే దించి, బల్లను ఒంటి చేత్తో గోడ పక్కకు ఈడ్చాడు. తవ్వమని నోటితో చెప్పలేదు.

మేస్త్రి మాత్రం అక్కడినుంచి కదల్లేకపోయాడు. నల్ల చుక్క సంగతి చెప్పాడు. సగం ఇటుక సంగతి చెప్పాడు. మూడేళ్లుగా తెలిసీ దాచిన సంగతి మిగిలింది. అదీ చెప్పాడు.

"ఈ మూడేళ్లలో ఎన్నిసార్లొచ్చి నా చేతి అన్నం తిన్నావురా" అంది అక్క. "ఒక్కసారైనా గుర్తురాలేదా?"

"ప్రతిసారీ గుర్తొచ్చింది."

అక్క కట్టు వేసిన కాలు వైపు చూసుకుంది. "మిగతా ఇళ్లవాళ్లకు ఎవరు చెబుతారు? నేను లేవలేను" అంది.

పోసిన బిళ్ల గట్టిపడాలంటే తడి గోనె కింద వారం ఉండాలి. ఆ వారం అతనికి ఎటూ పోయే దారి లేకపోయింది. పూటంతా వసారాలో గుంత తవ్వడం, సిమెంటు వరలు దించడం, పక్కగోడ వెంట గొట్టం వేయడం. మిగిలిన పొద్దులో ఇటుక ముక్కల సంచీ, బంకమట్టి తట్ట పట్టుకుని ఇల్లిల్లూ ఎక్కడం. ప్రతి గుమ్మంలోనూ అవే నాలుగు మాటలు మొదటినుంచీ చెప్పాలి. కొందరు విని తలుపేసుకున్నారు. ఒకావిడ తన గోడలు కూడా ఎప్పుడు కూలతాయో ఇప్పుడే చెప్పి పొమ్మంది. తాళాలు బాగుచేసే ఆయన ఒక్కడే నవ్వాడు.

"నేను తాళం చెడగొడితే ఒక్క ఇల్లే తిడుతుందయ్యా. నువ్వు సందు సందంతటి తిట్లూ మూటగట్టుకున్నావు" అన్నాడు.

పంతొమ్మిదిళ్లలో గుంతల్లో ఇంకా చోటుంది. ఎక్కువ నిండినదాని నోటికి ఇటుక పెట్టి మెత్తాడు. పన్నెండిళ్లలో లేదు. ఆ పన్నెండింటికీ ఎక్కడో ఓ చోట మూడో గుంత వెతకాలి, రెండేళ్లాగి పాతవి ఖాళీ చేయించాలి. కొత్త పేటలో మేడలకు నేల పలకలు వేసే పని ఒప్పుకుని ఉన్నాడు. ఎన్నాళ్లుగానో కోరుకున్న పని, అందరి కళ్లముందూ పైన కనిపించే పని. రాలేనని కబురు పంపాడు.

ఎనిమిదో రోజు గోనె తీసి బిళ్లను సుత్తితో కొట్టి చూశాడు. గంటలా మోగింది. నలుగురు పట్టి గుంత మీదికి జరిపారు. చుట్టూ ఖాళీల్లో మాలు నింపి, తాపీతో నున్నగా లాగాడు. అది బిగిశాక బావ మోకాళ్ల మీద వంగి అంచు వెంట వాసన చూశాడు. ఏమీ రాలేదు. అయినా నమ్మకం కుదరక బామ్మర్దిని బిళ్ల మీద ఎగరమన్నాడు. మేస్త్రి ఎగిరాడు. బల్ల మళ్లీ తన చోటికి వచ్చింది.

వెనక తొట్టిలో పాత నోళ్లు రెండింటికీ సగం ఇటుకలు పెట్టి మెత్తాడు. కొత్త గొట్టం నోరు తెరిచి, బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. నీళ్లు ఆగలేదు. గోడ వెంట గొట్టంలో గరగరమంటూ సాగి, దూరంగా వసారా కింద పడిన చప్పుడు వినిపించింది. మూత పెట్టి, అంచున మెత్తిన తడి మాలు మీద ఆ రోజు తేదీ మేకుతో గీశాడు. దానికి రెండేళ్ల తర్వాతి తేదీ కూడా కిందనే గీసి, ఆ రోజు దాకా పాత గుంతల జోలికెవర్నీ రానివ్వొద్దని బావకు రెండుసార్లు చెప్పాడు.

అక్క ఒక చేత్తో బావ భుజం, ఇంకో చేత్తో గోడ పట్టుకుని కుంటుతూ వచ్చింది. మరుగుదొడ్డి తలుపు దగ్గర ఆగి నీళ్లడిగింది. మేస్త్రి చెంబు తెచ్చిచ్చాడు. ఆమె చెంబెడు నీళ్లూ ఒక్క గుక్కలో తాగి, ఖాళీ చెంబు తమ్ముడి చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. గడియ పడింది.