ఐదుకి రెండున్నర

మా బందరు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే రోజు ఏటా ఎండాకాలంలో ఒకటి వస్తుంది. వాళ్లని వచ్చే ఏడాదికి మళ్లీ తీసుకోవాలా వద్దా అని కమిటీ కూర్చునే రోజు అది. ఒకప్పుడు ఇదంతా ప్రిన్సిపాల్ గారి ఇష్టాన్ని బట్టి నడిచేది. అది అన్యాయమని గోల చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరు బాగా చెబుతున్నారో పిల్లల్నే అడగండి అన్నాం. మా మాట నెగ్గింది. ఒక్కొక్క లెక్చరరు గురించీ విద్యార్థులు ఫారం నింపడం, ఐదు మార్కులకి సగటు కట్టడం మొదలైంది. మూడు దాటితే ఉద్యోగం ఉంటుంది. దాటకపోతే ఆ శాఖాధిపతి ఫారాలన్నీ చదివి తన అభిప్రాయం చెప్పాలి.

కెమిస్ట్రీ శాఖకి అధిపతిని నేనే.

మా శాఖలో ఒకావిడ నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తుండేది. బంటుమిల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. పాఠం కంటే ల్యాబ్ అంటే ఆవిడకి పట్టుదల. సీనియర్ల రికార్డు చూసి ఎక్కించుకొస్తే సంతకం పెట్టేది కాదు. పిపెట్టు చేతికిచ్చి, నా ముందు చేసి చూపించు అనేది. పిల్లలు గొణుక్కుంటూ మళ్లీ చేసేవాళ్లు. నేనైతే పేజీ తిప్పకుండానే సంతకాలు గీకి పారేసేవాణ్ని. ఎవరి మాటా వినని ఫస్టియర్ సెక్షన్ ఒకటి ఉంటే, దాన్ని ఆవిడకి అంటగట్టిందీ నేనే. చల్లగా కూర్చునే ఫైనలియర్ పిల్లల్ని నాకు ఉంచుకున్నాను.

ఫారాలు ఇవ్వనిదే హాల్ టికెట్ ఇవ్వబోమని ఆఫీసువాళ్లు రూలు పెట్టారు. లేకపోతే ఒక్కడూ నింపడని వాళ్ల బాధ. పరీక్షల ముందు ఆఫీసు కిటికీ దగ్గర ఎండలో పిల్లలు బారులు తీరేవాళ్లు. వాళ్లలో ఒకరు మెట్ల మీద చతికిలబడి, పక్కవాళ్లందరి ఫారాలూ తీసుకుని టిక్కులు కొట్టి, అడుగున ఏదో ఒకటి రాసేస్తుంటే మిగతావాళ్లు కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఇది నేను ఏటా కళ్లారా చూశాను. కుర్రతనం అని నవ్వుకుని నా దారిన నేను పోయాను.

ఆ ఏడాది ఆవిడకి రెండున్నర వచ్చింది. నాకు నాలుగున్నర దాటింది. పర్మనెంటువాణ్ని కాబట్టి ఆ అంకెతో నాకు ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. అయినా మురిసిపోయాను. ఇంటికెళ్లి నా భార్యకి చెప్పుకున్నాను కూడా.

కమిటీలో ఆవిడ కాగితం దగ్గరికి వచ్చేసరికి ప్రిన్సిపాల్ గారు నా వైపు తిరిగి, ఫారాలు చదివారు కదండీ అని అడిగారు. చదివానన్నాను. క్యూలో జరిగే భాగోతం నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ అంకె చెల్లదంటే నాదీ చెల్లదు. ఆ నాలుగున్నరని వదులుకోలేకపోయాను. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు. ఉంటే బాగుండేది.

"పిల్లలకి నచ్చట్లేదండీ" అన్నాను. సంతకం పెట్టాను.

మర్నాడు ఆవిడ ల్యాబ్ తాళాలు అప్పగించడానికి నా గదికి వచ్చింది. ఏ బీరువా తాళం ఏదో ఓపిగ్గా చెప్పింది. ఉప్పుగాలికి బిగుసుకుపోయిన తాళానికి నూనె వేయించమంది. ఆ తర్వాత, ఫారాలు ఒకసారి చూడొచ్చా అని అడిగింది.

"ఏం తప్పు చేశానో తెలిస్తే ఇంకోచోటైనా సరిచేసుకుంటానండీ."

చూపించకూడదు. అయినా కాదనడానికి నోరు రాలేదు. బీరువా తీసి కవరు ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కవరు వెనక్కి తిప్పింది. బంక అంటించిన చోట, సగటు కట్టాక ఆఫీసువాళ్లు వేసిన ముద్ర చెక్కు చెదరకుండా ఉంది.

"ఇది ఇంకా విప్పలేదండీ" అంది.

ఆవిడ నా బల్ల మీది స్కేలు తీసుకుని కవరు తెరిచింది. ఫారాల అడుగున, మీ అభిప్రాయం రాయండి అని ఒక గీత ఉంటుంది. సగటు కట్టేవాళ్లకి ఆ గీతతో పని లేదు. ఏడాదంతా వాళ్ల రికార్డులు దిద్దిన మనిషి కాబట్టి ఏ రాత ఎవరిదో ఆవిడకి చూడగానే తెలిసిపోతోంది. ఒక్కొక్కటే చూస్తూ రెండు కట్టలు చేసింది. ఒకటి మందంగా ఉంది, రెండోది పల్చగా.

"ఇవన్నీ ఒకే పిల్ల రాసిందండీ" అంటూ మందపు కట్ట మీద చెయ్యి వేసింది. కోపంగా అనలేదు. "ఆ పిల్లది మంచి రాత."

పల్చటి కట్టలో ఎవరి ఫారం వాళ్లే రాసుకున్నారు. వాటిలో ఒకదాన్ని ఆవిడ రెండుసార్లు చదివి నా ముందు పెట్టింది. మేడమ్ అంటే భయం, కానీ ల్యాబ్ వచ్చింది, అని ఉంది. టిక్కు ఐదు దగ్గర ఉంది.

ప్రిన్సిపాల్ గారితో ఇప్పుడే మాట్లాడతానన్నాను.

"మాట్లాడితే మీరు చదవలేదని తెలిసిపోద్ది కదండీ."

అది ఎత్తిపొడుపు కాదు. నా గురించే ఆలోచించి అన్న మాట. అందుకే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంటాను. గుడివాడలో ఒక ఇంటర్ కాలేజీలో ఖాళీ ఉందట, వెళ్లి అడుగుతానని చెప్పింది. ఫారాలు సర్ది కవర్లో పెట్టింది. పెట్టాక కూడా లేవలేదు. నా మొహం వంక చూస్తూ కాసేపు అలాగే కూర్చుంది. ప్రిన్సిపాల్ గారి గది మా గదికి రెండు గుమ్మాల అవతల. ఆయన లోపలే ఉన్నారు, దగ్గు వినిపిస్తోంది.

"ఎండ ఎక్కువగా ఉందమ్మా, మజ్జిగ తాగి వెళ్లు" అన్నాను.

తాగి వెళ్లింది.