గుండీల మీద 381654729

నా చిన్నప్పుడు మెదక్‌లో నేను ఆపా అని పిలిచే మా పక్కింటి అక్క పేరున చెప్పాల్సిన మాట ఒకటి చెప్పకుండా మింగేశాను. యాభై దాటిన ఈ వయసులో చెబుతున్నాను.

ఆపా వాళ్ల అబ్బా దర్జీ. పదో తరగతి చదువుతున్న ఆపా కాజాలు కుడుతూనే, తొమ్మిది కోటు గుండీల మీద దర్జీ సుద్దతో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేసి మిషను బల్ల మీద అటూ ఇటూ జరుపుతుండేది. ఒకరోజు వాటిని 381654729గా పేర్చి నన్ను పిలిచింది. మొదటి రెండు అంకెల సంఖ్య 38, శేషం లేకుండా రెండుతో పోతుంది. 381 మూడుతో పోతుంది. 3816 నాలుగుతో. అలా ఒక్కో అంకే కలుపుకుంటూ పోతే మొత్తం సంఖ్య తొమ్మిదితో పోతుంది. అన్ని అంకెలూ ఒక్కోసారే వాడితే ఇలా కుదిరే సంఖ్య ఇదొక్కటేనట.

పదితో చదువు చాలని వాళ్ల అబ్బా అప్పటికే అనేశాడు. ఆపా బడిలో లెక్కలకు సారు లేడు. అందుకే గుండీలు నా జేబులో పోసి, "మీ సారుకు చూపెట్టు ర. నేను చేసిన్నని చెప్పు. ఒక్కసారి వచ్చి అబ్బాతోని మాట్లాడుమను," అంది.

బడిలో సారు బల్ల మీద గుండీలు పేర్చగానే తరగతంతా నా చుట్టూ మూగింది. ఆ చూపులకు మురిసిపోయి, "నేనే చేసిన సార్," అన్నాను.

"మస్తుగుంది. మరి ఐదు నడుమల్నే ఎందుకు పెట్టినవ్ ర?"

"గట్లనే పెట్టిన సార్. కుదిరింది."

"వీనికి లాటరీ తగిలింది సార్," అన్నాడు వెనక బెంచీ వాడు. అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. గుండీలను తిప్పి తిప్పి చూసి, వేళ్లకంటిన సుద్ద తుడుచుకుని, నా దోసిట్లో పోశాడు. "ఎవరియి వాళ్లకు జాగ్రత్తగ ఇచ్చిరా," అన్నాడు.

ఆపాతో "సారు చూసిండు" అని మాత్రమే చెప్పాను. పరీక్షలయ్యాక ఆమె రోజంతా మిషను ముందే కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు. తీరా కాలేజీలు తెరిచాక ఒక పొద్దున ఆపా వాళ్ల అబ్బా సైకిల్ వెనక కూర్చుని కాలేజీకి పోయింది. నా గుండె మీది బండ దిగింది. ఎలా జరిగిందని అడగలేదు. అంతా మంచే అయింది కదా అని ఊరుకున్నాను. సంఖ్య మాత్రం నా పేరు మీదే ఉండిపోయింది.

మొన్న పాత విద్యార్థులమంతా కలిసినప్పుడు నన్ను "గా సంఖ్య కనిపెట్టినోడు" అని పరిచయం చేశారు. మైకు తీసుకుని, కనిపెట్టింది పక్కింటి దర్జీ బిడ్డ అని చెప్పేశాను. ముందు వరుసలో ఉన్న సారు పకపకా నవ్వాడు. "గుండీల మీద దర్జీ సుద్ద చూసినప్పుడే ఎర్కయింది ర. గందుకే అంగీలు కుట్టించే సాకుతోని ఎండకాలమంత వాళ్ల అబ్బ దుకాణం చుట్టే తిరిగిన!"

ఎవరివి వాళ్లకు ఇమ్మన్న ఆయన మాట ఇన్నేళ్లూ నా చెవిలోనే ఉంది. నలుగురిలో నన్ను చిన్నబుచ్చకుండా ఆ రోజే ఆయన నాకు దారి చూపాడు.

మర్నాడే తూప్రాన్ పోయాను. ఆపా ఇప్పుడక్కడ లెక్కలు చెబుతుంది. తొమ్మిది కొత్త గుండీల మీద అంకెలు వేసి ఆమె బల్ల మీద పేర్చాను. కళ్లజోడు సర్దుకుని చూసింది.

"నీ ముచ్చట సారు నాకు ఎప్పుడో చెప్పిండు తియ్. ఐదు నడుమల్నే ఎందుకో గిప్పుడన్న ఎర్కయిందా?"

"అయింది ఆపా. మొదటి ఐదంకెలు ఐదుతోని పోవాలంటే చివరన సున్నన్న ఉండాలె, ఐదన్న ఉండాలె. సున్న గుండీ నీ దగ్గర లేకుండె. గీ లెక్క నీది. నాదని చెప్పుకున్న. మాఫ్ చెయ్యి."