గొలుసు లేనిదే గాలి కొట్టని మా ఆశన్న

నిన్న పొద్దున సౌదీల, ఖఫ్జీల డ్యూటీ మీద ఉన్న. హఫర్ నుంచి మన ఊరి రమేష్ ఫోన్ చేసిండు.

"ఆశన్న పోయిండురా" అన్నడు.

ఎట్లరా అని అడిగిన.

"టైరుకు గాలి కొడుతుంటే రింగు ఎగిరింది. ఛాతిల తాకింది."

ఫోన్ జేబుల పెట్టుకొని పని చేసిన. ఏం పని చేసిన్నో గుర్తు లేదు.

తెల్వనోళ్ళ కోసం చెప్తున్న. పాత మిలిటరీ లారీల చక్రం ఒక్క ముక్క కాదు. టైరును పట్టి ఉంచేది పక్కన ఒక ఇనుప రింగు. అది సరిగ్గ కూసోకపోతే, గాలి ఎక్కేటప్పుడు ఊడి లేస్తది. బాంబు లెక్క. మనిషి అడ్డముంటే మిగలడు. అందుకే గాలి కొట్టే ముందు చక్రానికి ఇనుప గొలుసు చుట్టి కడ్తరు, రింగు ఊడినా ఎగరకుంట.

అన్న ఆ పనే పద్దెనిమిదేండ్లు చేసిండు.

నిన్న సాయంత్రం మన ఊరి గ్రూపుల ఎవరో మెసేజ్ పెట్టిండ్రు. "గొలుసు కట్టకుండ గాలి కొట్టిండట, నిర్లక్ష్యం" అని. కింద అన్న శవం ఫోటో. దాని కింద అందరు దండాలు పెట్టుకుంట పోయిండ్రు.

ఆ గ్రూపుల అన్న కొడుకు వినయ్ ఉన్నడు. వాడు చదివితే వాళ్ళమ్మకు చెప్తడు.

అందుకే రాస్తున్న.

అన్నతో షెడ్డుల పనిచేసే బంగ్లాదేశీ షఫీక్‌తో మాట్లాడిన. అన్న గొలుసు కట్టిండట. మూడు చుట్లు. గొలుసే తెగింది. తెగిన లింకు ఇంక ఆ చక్రానికే ఉన్నదట.

షఫీక్ చెప్పకున్నా నాకు తెలుసు.

ఏడేండ్ల కింద, ఆగస్టు నెల. హఫర్ దాటి ఎడారిల చానా దూరం పోయినం. మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన సౌదీ సేటు, వేలంల కొన్న మిలిటరీ లారీ అది. వయసుల నాకంటె పెద్దది. ఒంటెలకు బార్లీ తీస్కపోతున్నం. ముగ్గురం. డ్రైవర్ పఠాన్ జమాన్ ఖాన్. మెకానిక్ ఆశన్న. బస్తాలు ఎత్తుడు దించుడు నా పని.

వెనుక జోడు చక్రాలల్ల బయటిది పేలింది. స్టెప్నీ దించినం. అండ్ల గాలి లేదు. లారీకి గాలి పైపు ఉన్నది.

గొలుసు టూల్ బాక్సుల ఉన్నది. టూల్ బాక్సు ఎనభై బస్తాల కింద ఉన్నది. దాని మీద బస్తాలు పేర్చింది నేనే.

తాగే నీళ్ళు రెండు సీసాలు. సిగ్నల్ లేదు.

"జంజీర్ ఛోడో యార్, పాంచ్ మినిట్ కా కామ్ హై" అన్నడు జమాన్. గొలుసు ఇడిసిపెట్టు, ఐదు నిమిషాల పని అని.

"గొలుసు లేనిదే గాలి లేదు. దించుండ్రి" అన్నడు అన్న.

ఈ ఎండల ఇన్ని బస్తాలు దించితే చెమటకే చస్తమన్న నేను.

"చెమటకు చచ్చుటానికి టైం పడ్తది. దీనికి చస్తే సప్పుడు గూడ ఇనవు."

జమాన్ పైపు గుంజుకున్నడు. అన్న వీల్ పానా ఎత్తి వాని ముంజేతి మీద కొట్టిండు. ఎముక ఇరిగిన సప్పుడు నాకు ఇనవడ్డది. జమాన్ రెండో చేత్తోని అన్న గొంతు పట్టుకున్నడు. ఇద్దరు ఇసుకల పడ్డరు.

నేను ఇడిపియ్యలే.

"పిరికోడా, నీ వల్ల ఈడనే ఎండి చస్తం" అనుకుంట అన్న మూతి మీద గుద్దిన. రెండుసార్లు. కింది పెదవి చీలింది.

అన్న లేచిండు. పానా ఇడువలే. పైపు మీద కాలు పెట్టి నిలవడి నెత్తురు ఉమ్మిండు.

"నన్ను చంపి కొట్టుకోండ్రి గాలి."

చంపేటంత సత్తువ మాకు లేకుండె. బస్తాలు దించినం. జమాన్ ఒంటి చేత్తోని గుంజిండు. అన్న పెదవి నెత్తురు గోనెల మీద కారింది. సగం దించేసరికి ఒక సీసా అయిపోయింది.

గొలుసు తీసి అన్న మూడు చుట్లు కట్టిండు. మమ్ముల లారీ ముందటికి పొమ్మన్నడు. పైపు తగిలిచ్చి, గాలి ఎక్కుతుంటే తను గూడ పక్కకొచ్చిండు.

కొంచెం సేపే. పేలింది.

చక్రం భూమి ఇడిసి లేచి పడ్డది. పొయ్యి చూస్తే రింగు వంకర తిరిగి గొలుసుల ఇరికి ఉన్నది. గొలుసు లేకపోతే ఆ చక్రం మీద వంగి ఉండేది జమాన్, పక్కన నేను. జమాన్ ఇసుకల కూలవడి కక్కుకున్నడు.

ఆ రింగు ఇగ పనికిరాదు. బస్తాలు ఆడనే ఇడిసి, ఖాళీ లారీని లోపలి చక్రం మీదనే అన్న మెల్లగ సడక్ దాకా నడిపిండు.

చెయ్యి ఎట్ల ఇరిగిందని కఫీల్ అడిగితే, జాకీ జారింది అన్నడు జమాన్. మూతి ఏమైందని రూముల ఉండేటోళ్ళు అడిగితే, పానా జారింది అన్నడు అన్న. నా దిక్కు చూడలే.

"ఇన్నేండ్ల మెకానిక్కువు, పానా పట్టుడు రాదాయె" అని అందరు నవ్విండ్రు. అన్న గూడ నవ్విండు, చీలిన పెదవి పట్టుకొని. నేను అన్నం తింటున్న.

తర్వాత ఎన్నిసార్లు కలిసినం. నేను చెప్పలే. అన్న ఎత్తలే.

పానా జారలే. కొట్టింది నేను. గొలుసు కడదామన్నందుకు కొట్టిన.

వినయ్, మీ నాయిన పనిల తప్పు చేసే మనిషి కాదు. ఎవ్వడన్నా అట్ల అంటే ఇది చూపియ్యి. నా పేరు చెప్పు.

గ్రూపుల ఆ మెసేజ్, ఫోటో పెట్టినోళ్ళు తీసెయ్యాలె.

అన్నా, ఇగ నిన్ను జల్ది జల్ది అనేటోళ్ళు ఎవ్వరు లేరు. నిమ్మళంగ పండు.