మా అక్క టేపు

మా అక్క దర్జీ. పాతికేళ్లుగా బట్టలు కుడుతోంది, పాతికేళ్లుగా ఒక్క తప్పూ ఒప్పుకోలేదు. చొక్కా బిగుతుగా ఉందని ఎవరైనా వస్తే కళ్లద్దాల పైనుంచి చూసి, "చొక్కా బాగానే ఉంది, మీరే లావెక్కారు" అంటుంది. పాపం, వాళ్లు పొట్ట లోపలికి పీల్చుకుని వెళ్లిపోతారు. నాకు ఒళ్లు మండేది. కానీ ఆవిడతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు.

ఆవిడ మిషను వెనకగదిలో, నా కొట్టు ముందుగదిలో. నేను అమ్మేది వేలెడంత బొమ్మ సైనికుల్ని. పెద్దవాళ్లే కొని, రంగులేసి, బల్ల మీద యుద్ధం చేస్తారు. నవ్వకండి, డాక్టర్లు కూడా ఉన్నారు! ఏ సైనికుడు ఎన్నంగుళాలు నడవాలో టేపుతో కొలిచి మరీ జరపాలి.

కిందటేడు పోటీ పెడితే ఫ్యాను గాలికి సగం సైన్యం నేలకొరిగింది. ఈసారీ పాడైతే ఆటగాళ్లంతా వేరే కొట్టు చూసుకుంటారు, నేను తాళం వేసుకోవడమే. పదహారు మంది వచ్చారు. అంపైరుగా లెక్కల మాస్టారు కూర్చున్నారు. ఫ్యాన్లు కట్టేశాను, బల్లలు సర్దాను, టేపులు కొనడం మర్చిపోయాను! నా బుర్రలో గుజ్జుంటేగా.

"నావి లేవూ?" అని అక్క పాతవీ కొత్తవీ కలిపి మనిషికో టేపు పంచింది.

గంట గడిచిందో లేదో, మూడో బల్ల దగ్గర పళ్ల డాక్టరూ లారీ డ్రైవరూ కొట్టుకునేంత పని చేశారు. డాక్టరు తన గుర్రం ఆరంగుళాలే నడిచిందంటాడు. డ్రైవరు తన టేపుతో కొలిస్తే ఆరుంపావు.

"దొంగ టేపు!"

"నీదే దొంగది!"

మాస్టారు రెండు టేపులూ పక్కపక్కన పరిచారు. ఒకటి రెండోదానికంటే మూడు వేళ్లు పొడుగుంది. "టేపులు మార్చి మోసం చేస్తారా? పోటీ రద్దు!" అని లేచారు. అందరూ నన్నే చూస్తున్నారు, ఊరు దోచినవాణ్ణి చూసినట్టు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అక్క నా మొహం చూసింది. మెళ్లో టేపు తీసి చేతిలో నలుపుకుంది.

"మావాడు ఏ మోసమూ చెయ్యలేదండీ. పాత టేపులు సాగిపోయాయి. తప్పు నాది."

నా చెవుల్ని నేనే నమ్మలేదు.

"బల్లకి ఒకటే టేపు ఉంచండి. సాగినా ఇద్దరికీ ఒకేలా సాగుతుంది," అంది.

మాస్టారు తలూపి కూర్చున్నారు. కానీ అక్కడితో ఊరుకుంటే ఆయన లెక్కల మాస్టారెందుకవుతారు? "అమ్మా, నా ప్యాంటుకి కొలతలు దేనితో తీశావు?"

"మెళ్లో ఉన్న పాతదాంతో."

"కత్తిరించింది?"

"బల్ల మీది కొత్తదాంతో," అంది అక్క నేల చూస్తూ.

మాస్టారు వేళ్ల మీద లెక్కేసుకున్నారు. "సాగిన టేపు కొలత తక్కువ చూపిస్తుంది. అంటే నేను లావెక్కలేదా? ఆర్నెల్లుగా రాత్రిళ్లు మంచినీళ్లు తాగి పడుకుంటున్నానే తల్లీ!"

అక్క గబగబా తన క్యారియరు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన అడుగంటా ఊడ్చి తిన్నారు. సాయంత్రం డ్రైవరు గెలిచాడు, పోటీ సక్రమంగా జరిగిందని మాస్టారు సంతకం పెట్టారు. వచ్చే ఏడు కూడా ఇక్కడే అన్నారందరూ. నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అక్క గది ముందు బిగుతు బట్టలతో వరస కట్టారు జనం. ఒక్కరూ పొట్ట పీల్చుకోలేదు. అక్క మారు మాట్లాడకుండా కుట్లు విప్పుతోంది. నేనూ ధైర్యం చేసి నా చొక్కా పట్టుకుని చివర నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి అక్క కళ్లద్దాల పైనుంచి చూసింది.

"నీ కొలతలు కొత్త టేపుతోనే తీశానురా. నువ్వు నిజంగానే లావెక్కావు."