తిరగని ఫ్యానూ, వినబడని మాటా

మొన్న మా మరదలిని విమానాశ్రయంలో దింపడానికి వెళ్లి, పార్కింగులో కారు ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాను. నాలుగడుగులు వేశానో లేదో, అక్కడ కాపలా ఉన్నతను వెనక నుంచి కేకేశాడు. "సార్, బండి బంద్ చేయలే!" చేశానని తాళంచెవి తీసి చూపించాను. అయినా నమ్మలేదు. బానెట్ దగ్గర చెవి పెట్టి, లోపల గుర్రుమంటున్న ఫ్యాన్ చప్పుడు విని, నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు సరిగ్గా ఆ చూపుతోనే ఒక మంచి మనిషిని నిలదీశాను, అదీ నలుగురిలో.

అనుమానం నాకు కిరాణా కొట్టులోనే అబ్బింది. శంషాబాద్ మెయిన్ రోడ్డు మీద మా నాయన దుకాణం. చింతపండు బస్తా వస్తే పైన ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి చెయ్యి పెట్టి తీసి వాసన చూసేవాడు. పైన మంచి సరుకు పరిచి అడుగున ముక్కింది పెట్టని మనిషి ఇంకా పుట్టలేదని ఆయన గట్టి నమ్మకం. నేను ఆయన్ని మించిపోయాను. కొబ్బరికాయను అందరూ చెవి దగ్గర ఊపి చూస్తారు, నేను సబ్బుబిళ్లలు కూడా ఊపి చూసేవాణ్ణి. అందులో ఏం వినబడాలని ఊపానో ఇప్పటికీ తెలియదు గానీ, ఊపితే అమ్మేవాడి గొంతు కాస్త తగ్గుతుందని మాత్రం కనిపెట్టాను.

కొత్త విమానాశ్రయం తెరిచిన రెండు మూడేళ్లకు జరిగిన సంగతి ఇది. నాయన వాడి వదిలిన డబ్బా లాంటి తెల్ల కారు ఒకటి నా దగ్గర ఉండేది. ఖాళీ రోడ్డు మీద బుద్ధిగా పోయేది, ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబెడితే మాత్రం పొగలు కక్కేది. ఒక ఎండాకాలం హిమాయత్ సాగర్ దగ్గర పెళ్లి భోజనం చేసి వస్తుంటే, ముందు లారీ ఏదో అడ్డం తిరిగి బండ్లన్నీ ఆగిపోయాయి. మా రేడియేటర్ కుక్కర్‌లా కూత పెట్టింది. మా ఆవిడ పట్టుచీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడి, "దీన్ని అమ్ముతవా, నన్ను బస్సెక్కిస్తవా?" అని అడిగింది. నాయన కూర్చున్న సీటు ఇంకా ఆయన బరువుకు కుంగే ఉంది. అమ్మడానికి మనసొప్పక మెకానిక్ అన్న దగ్గరికి తోలుకుపోయాను.

ఆయన షెడ్డు తొండుపల్లిలో, సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉండేది. నన్ను "సేటూ" అనేవాడు, నేను "అన్నా" అనేవాణ్ణి. మా బేరం వినడానికి పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లు గ్లాసులతో సహా వచ్చి నిలబడేవారు. నా ఆయుధం విమానం. అది నెత్తిమీదికి వచ్చేదాకా ఆగి, అప్పుడు ధర అడిగేవాణ్ణి. ఆయన నాలుగు వందలంటే, "రెండు వందలా? సరే, కానియ్" అనేవాణ్ణి. "సేటూ, ముందుగాల నీ చెవులకు ఓవరాలింగ్ చెయ్యాలె" అని ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. అన్నం తిన్నంత తృప్తిగా ఉండేది ఇద్దరికీ.

ఆ రోజు బానెట్ ఎత్తి, ఫ్యాన్ రెక్క మీద వేలు పెట్టి చెప్పాడు. "గిదాన్ని బెల్టుతోని ఇంజన్‌కు కట్టేసిండ్రు. ఇంజన్ ఉరికితే ఉరుకుతది, ఇంజన్ మెల్లగైతే గిదీ మెల్లగైతది. ట్రాఫిక్ల నిలబడ్డప్పుడే గాలి కావాలె, గప్పుడే ఇది కునుకు తీస్తది. తీసేసి కరెంటు ఫ్యాన్ పెడదాం సేటూ."

ఇన్నేళ్లుగా తిరుగుతున్నదాన్ని తీయమంటున్నాడంటే, దాని మీద కన్నేశాడన్నమాట. పాత ఫ్యాన్ నాకే ఇవ్వాలని ముందే షరతు పెట్టాను. వేరే కారులోంచి తీసిన కరెంటు ఫ్యాన్ ఒకటి తెచ్చి, బ్యాటరీకి తగిలించి తిప్పి చూపించాడు. బాగానే తిరిగింది. బాగా తిరిగినందుకే నాకు ఇంకో అనుమానం వచ్చింది. చూపించేది ఒకటి, బిగించేది ఇంకొకటి అయితే? ఆయన పానా కోసం అటు తిరగగానే, ఇంట్లోంచి తెచ్చిన మా ఆవిడ గోళ్ల రంగుతో మోటారు వెనక చిన్న చుక్క పెట్టాను.

సాయంత్రానికి బిగించడం అయిపోయింది. చేతులు తుడుచుకుంటూ ఆయన ఏదో చెప్పాడు. నెత్తిమీద విమానం. ఈసారి నాది నాటకం కాదు, నిజంగానే వినబడలేదు. మళ్లీ అడిగితే ధర పెంచే సంగతి గుర్తుకొస్తుందేమోనని తల ఊపి ఊరుకున్నాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే బానెట్ ఎత్తి ఇంజను స్టార్ట్ చేశాను. ఫ్యాన్ కదల్లేదు. పాతదైతే తాళం తిప్పీ తిప్పగానే గిర్రున తిరిగేది. ఇది మాత్రం కొట్టులో కునికే గుమాస్తాలా కూర్చుంది. చచ్చిన మోటారు అంటగట్టాడని తేలిపోయింది. వంగి నా చుక్క ఉందో లేదో చూసుకోవచ్చు, కానీ కోపంలో ఉన్నవాడికి నడుము వంగదు. నేరుగా తొండుపల్లి పోయాను. అప్పుడే అక్కడి చర్చిలో ప్రార్థన ముగిసింది. ఇంజను ఆపకుండానే దిగాను. తెల్లచొక్కాలో, భార్యతో కలిసి మెట్లు దిగుతున్నాడు ఆయన. "తిరగని ఫ్యాన్ బిగిస్తవా అన్నా? మా నాయన కారుకే దొరికిందా ఈ మోసం?" అని అందరికీ వినబడేలా అరిచాను. ఆ పూట ఒక్క విమానం కూడా రాలేదు నన్ను కాపాడటానికి.

ఆయన మెట్లు దిగి కారు దగ్గరికి వచ్చాడు. "ఇంజన్ అట్లనే ఉంచుండ్రి" అని బానెట్ ఎత్తి పక్కన నిలబడ్డాడు. జనం చుట్టూ చేరారు. ఎంతసేపు నిలబడ్డామో గానీ నాకది ఒక పూటంత అనిపించింది. ఉన్నట్టుండి ఫ్యాన్ గుర్రుమని తిరిగింది. "నీళ్లు వేడెక్కినంకనే తిరుగుతదని నిన్ననే చెప్పిన. మీరు తల ఊపిండ్రు. ఇగ బంద్ చేయుండ్రి." బంద్ చేశాను. ఫ్యాన్ ఆగలేదు. నా నోరు ఊరుకుంటే కదా! "ఇప్పుడెందుకు తిరుగుతది? బ్యాటరీ తాగుతది గదా?" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఇంజన్ బంద్ అయితే వేడి బంద్ అయితదా సార్?" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "గోళ్ల రంగు చుక్క కూడా అట్లనే ఉంది. చూస్కోండ్రి" అన్నాడు.

సేటూ కాదు, సార్. ఆ మాట తగిలినంతగా ఆ నవ్వు తగల్లేదు.

ఆ తర్వాత నాకు పడిన శిక్ష పగవాడికి కూడా వద్దు. పని చేసేవాడు, బాగానే చేసేవాడు. ఎంత అంటే, "మీకు తోచింది ఇయ్యుండ్రి సార్" అనేవాడు. బేరం లేదు. అడిగేవాడు లేకపోతే తగ్గించేదెట్లా? తక్కువైందేమోనని భయపడి ఎక్కువే ఇచ్చి వచ్చేవాణ్ణి. చాయ్ గ్లాసుల వాళ్లు రావడం మానేశారు. కారు ఎంత ట్రాఫిక్‌లో అయినా చల్లగా ఉండేది, నేనే లోపల కాగుతూ ఉండేవాణ్ణి.

వానలు మొదలయ్యాక ఒకరోజు బ్రేకులు చూపించే నెపంతో వెళ్లాను. ఆయన నా కారు కింద పడుకుని బ్రేకులు చూస్తున్నాడు. విమానం దగ్గరికి వచ్చేదాకా ఆగి, సరిగ్గా అది నెత్తిమీద ఉన్నప్పుడు, "తప్పైంది అన్నా" అనేశాను. క్షమాపణలోనూ అదే ఎత్తు.

ఆయన కారు కింది నుంచి తల బయటపెట్టాడు. "ఏందీ? వినబడలే."

విమానం దాటిపోయింది. షెడ్డంతా నిశ్శబ్దం. తప్పించుకునే దారి లేక, "తప్పైందన్నా, నిన్ను అనుమానించిన" అన్నాను గట్టిగా. పక్క హోటల్లో గ్లాసులు ఆగిపోయాయి.

ఆయన లేచి కూర్చుని, నూనె చేతుల్ని చాలాసేపు తుడుచుకున్నాడు. "బ్రేకులకు ఎనిమిది వందలైతది సేటూ" అన్నాడు.

ఎనిమిది వందలు! పచ్చి అన్యాయం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మూడు వందలా? సరే, కానియ్" అన్నాను. గ్లాసులు ఒక్కొక్కటే మా వైపు నడిచి వచ్చాయి.

ఇప్పుడా షెడ్డు లేదు, ఆయనా లేడు. ఆ తెల్ల కారు కూడా పోయింది. గోళ్ల రంగు చుక్క ఏ తుక్కులో కలిసిందో తెలియదు. మొన్న పార్కింగులో, కాపలా అతను వింతగా చూస్తున్నా సరే, ఆ ఫ్యాన్ తనంతట తాను ఆగేదాకా నిలబడే ఉన్నాను. పైనుంచి ఒక విమానం దిగింది. కాలం కూడా అంత మోతతోనే మన మీదుగా పోతుంది; అది దాటాక, చెప్పాల్సిన మాట మళ్లీ చెప్పుకోవడానికి ఒక్కోసారి కాస్త నిశ్శబ్దం ఇస్తుంది. నా బతుకులో నేను బేరమాడకుండా తీసుకున్నది ఆ నిశ్శబ్దం ఒక్కటే.