ఎడమవైపు బిగుతు

కోదాడ బస్టాండు వెనక సందులో పదిహేనేళ్లుగా నాది టైలరింగ్ షాపు. టేపు పెట్టి ఆడవాళ్లను కొలిచే అలవాటు నాకు లేదు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఆదికి తెచ్చిస్తే, అచ్చం అలాగే కుట్టి ఇస్తాను. నా కుట్టుకు వంక పెడితే మాత్రం ఒళ్లు మండుతుంది.

మేళ్లచెరువు నుంచి వచ్చే ఒకామె వంక పెట్టింది. ఆమె భర్త సిమెంటు లారీ నడుపుతాడు.

"అక్కా, ఎడమ దిక్కు బిగుతైతంది."

"ఆదికే కుట్టిన. నువ్వు ఒళ్లు చేసి నన్నంటే ఎట్ల?" అని కసిరి, కుట్లు విప్పి వదులు చేసిచ్చాను. నెల తిరిగేసరికి మళ్లీ వచ్చింది. మళ్లీ తిట్టాను, మళ్లీ విప్పాను. ఇంకో నెలకు మూడోసారి వచ్చినప్పుడు, విప్పడానికి లోపల గుడ్డ మిగల్లేదు. విసుగొచ్చి, "ఇట్రా, నీ సంగతేందో సూస్త" అని తెర వెనక్కి తీసుకెళ్లి టేపు పెట్టాను. చంక పక్కన వేళ్లకు గట్టిగా గడ్డ తగిలింది. నొప్పి లేదంది. నేను టేపు పక్కన పెట్టేశాను.

ఆ వారమే సూర్యాపేటలో రొమ్ము పరీక్షల క్యాంపు ఉందని మా వీధి ఆశ కార్యకర్త చెప్పి ఉంది. ఈమె రానంటే రానంది.

"ఏమన్న ఉందంటే పైసలెక్కడివక్కా?"

"పరీక్షకు రూపాయి తీసుకోరు. తర్వాత సంగతి తర్వాత. లే!" అని షట్టరు దించి, బస్సెక్కించాను.

అక్కడి నుంచి హైదరాబాదు పెద్ద దవాఖానకు పంపారు. క్యాన్సరే. చంకలోకీ పాకింది, ఇంకా ఆగితే కష్టమయ్యేదన్నారు. ఏయే కాగితాలు కావాలో క్యాంపు నర్సమ్మ రాసిచ్చింది. ఎడమ రొమ్ము తీసేసిన ఆపరేషను సర్కారు కార్డు మీద అయింది. హైదరాబాదుకు పోయిరావడానికి, బయట కొనే మందులకు ఒక ట్రస్టు వాళ్లు సాయం చేశారు.

అంతా అయ్యాక, జుట్టు రాలిన తలకు కొంగు చుట్టుకుని షాపుకొచ్చింది.

"నీ కడుపు సల్లగుండ! నువ్వు లేకుంటే ఖతమయ్యేదాన్నక్కా."

ఆ మాట నేను మోయలేకపోయాను. "రెండుసార్లు చెప్తే రెండుసార్లు తిట్టి పంపిన. ఆ రెండు నెలలు పోగొట్టింది నేనే" అని ఏడ్చేశాను.

"నాకు తెలుసక్కా. ఎన్ని నెలలైందని డాక్టరమ్మ అడిగితే, లెక్క చెప్పింది నేనే గదా."

కోపంగా అనలేదు. సంచిలోంచి కొత్త జాకెట్టు గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది. అలవాటుగా అడిగాను.

"ఆది తెచ్చినవా?"

"నాకిప్పుడు ఏ ఆది సరిపోతదక్కా? టేపు తియ్యి."