తరుగు ఏ పక్కకి?

2023 మార్చి. పీహెచ్‌డీ నాలుగో ఏడు. హాస్టల్లో మరమ్మతులు జరుగుతున్నాయని చిలకలూరిపేటలో, జిన్నింగ్ మిల్లు వెనకున్న మా ఇంటి నుంచే నెల రోజులు పని చేశాను. లాప్‌టాప్, నెట్, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు. డేటా వచ్చేది మాత్రం ఎక్కడో భూమి కింద ప్రోటాన్లను ఢీకొట్టించే కొలైడర్ నుంచి.

నేను వెతికేది సూపర్‌సిమెట్రీ కణాల్ని. ఆ సిద్ధాంతం ప్రకారం మనకు తెలిసిన ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉండాలి. వాటిలో అన్నిటికన్నా తేలికైనది డిటెక్టర్‌కు చిక్కకుండా వెళ్లిపోతుందని అంచనా. ఢీకొనకముందు ప్రోటాన్లకు పక్కలకు కదలిక ఉండదు. కాబట్టి ఢీకొన్నాక వెలువడే కణాల పక్క కదలికలన్నీ కలిపినా సున్నాయే రావాలి. రాకపోతే ఏదో కనపడకుండా పోయినట్టు. ఆ లోటును మిస్సింగ్ ఎనర్జీ అంటాం.

తెలిసిన కారణాల వల్లే పెద్ద లోటున్న ఘటనలు, అంటే ప్రోటాన్లు ఢీకొన్న సందర్భాలు, ఆరు దాకా రావాలని ముందే లెక్కగట్టాం. పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా అసలు డేటాలో ఆ భాగాన్ని చూడకూడదు. దీన్నే బ్లైండింగ్ అంటారు; ఆశ కొద్దీ ఘటనల్ని ఎంచే షరతులు మార్చకుండా ఉండటానికి. నా చెక్‌లిస్టులోని ఇరవై మూడు అంశాలకూ టిక్ పెట్టి, అనుమతి తీసుకుని తెరిచాను. పద్నాలుగు ఉన్నాయి.

గురువారం మా బృందం ముందు ఈ ఫలితం చెప్పాలి. నిజమైతే థీసిస్ కన్నా చాలా పెద్ద విషయం. తప్పయితే ఏడాది పని మీద నమ్మకం పోతుంది. మంగళవారం సాయంత్రం టీ కోసం బయటికొస్తే, మిల్లులో లారీల కాటా చూసే మస్తాన్ బాబాయ్ బెంచీ మీద ఉన్నాడు. నీ ముఖం వెలిగిపోతోంది, సంగతేంటన్నాడు. లోటు గురించి, ఆరు రావాల్సిన చోట పద్నాలుగు వచ్చిన సంగతి చెప్పాను.

"అంటే తరుగు," అన్నాడు.

మిల్లుకొచ్చిన పత్తి బరువుకీ, దూది, గింజ, చెత్త కలిపిన బరువుకీ తేడా వస్తే దాన్ని అక్కడ తరుగు అంటారు. అదేనన్నాను.

"ఏ పక్కకి?"

"ఏ పక్కకంటే?"

"నీ పద్నాలుగూ తలా ఒక పక్కకి పోయినయ్యా, అన్నీ ఒక పక్కకేనా? పోయినేడు మా కాటా కింద బరువు పట్టే సెల్లు ఒక మూల చెమ్మపట్టింది. ఆ మూల మీద ఆగిన బండికల్లా తరుగే. వారం రోజులు ఓ డ్రైవర్ని దొంగని చూసినట్టు చూశాం. పాపం, రోజూ అక్కడే ఆపేవాడు. ముందు కాటా చూసుకో అబ్బాయ్, దొంగ సంగతి తర్వాత."

టీ సగంలో వదిలేసి వచ్చాను. లోటు ఏ దిక్కుకుందో గీసి చూస్తే, పద్నాలుగింటిలో ఎనిమిది ఒకే దిక్కుకు ఉన్నాయి. అటు డిటెక్టర్లో శక్తిని కొలిచే చిన్న ముక్క ఒకటి కొన్ని రోజులు పనిచేయలేదు. పాడైన భాగాల జాబితా పెట్టుకున్నావా అన్నది నా చెక్‌లిస్టులో పదకొండో అంశం. పెట్టుకున్నాను. పాత జాబితా. టిక్ అబద్ధం కాదు, కానీ పనికిరాలేదు.

కొత్త జాబితాతో మొత్తం డేటాను మొదటి నుంచీ నడిపాను. ఆరు మిగిలాయి. డేటా చూశాక చేసిన మార్పు కాబట్టి ఎందుకు, ఎప్పుడు చేశానో మొదటి స్లైడ్‌లోనే రాశాను. గైడ్ మేడమ్ ఏమంటారోనని భయపడ్డాను. ఆవిడ ఆ స్లైడ్ రెండుసార్లు చదివి, చెక్‌లిస్టులో కొత్తగా చేర్చిన ఇరవై నాలుగో అంశం, 'తరుగు ఏ పక్కకి?' దగ్గర ఆగి, ఈ 'తరుగు' ఏమిటని అడిగారు. కాటా కథ చెప్పాను. ఇప్పుడు మా బృందంలో తెలుగు రానివాళ్లు కూడా లోటు దిక్కులు చూపే ఆ బొమ్మను తరుగు ప్లాట్ అనే అంటారు.

కొత్త కణం దొరికితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ నా ఫలితం ఇప్పుడు ఎవరు తిరగేసినా నిలుస్తుంది. జాబితా ఉందా అన్నది ఒక ప్రశ్న, అది ఏ రోజుదన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండో ప్రశ్న నేను నేర్చుకున్నది అప్పుడే.

హాస్టల్‌కి బయల్దేరేటప్పుడు మస్తాన్ బాబాయ్ అడిగాడు, దొంగ దొరికాడా అని.

"లేదు బాబాయ్. కాటా సరిచేశాను."

"ఇంకేం మరి," అని నా బ్యాగు ఆటోలో పెట్టాడు. "ఇప్పుడు దొరికితే దొంగే."